బ్రహ్మచెవుడు

నూట అరవై మీటర్ల బ్యాండు వినాలంటే
పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తీగ లాగాలంటారు తెలిసినవాళ్ళు.
నాకున్నది ఒక వంటిల్లు, పడవ పెట్టుకునే పాక,
రెంటి మధ్య బంగాళాదుంపల మడి.
చిలోయె ద్వీపంలో వానకి కరువు లేదు,
నాకు నేలకే కరువు.

మనవరాలు విసుగెత్తి పారేసిన హులాహూప్ దొరికింది.
గులాబీ రంగుది, తళుకు కాగితం ఇంకా అక్కడక్కడ అంటుకునే ఉంది.
దాని చుట్టూ కోయాక్స్ కేబుల్ ఒక్క చుట్టు చుట్టి
నడినెత్తిన వేలెడు మేర పై జాలీ కోసేశాను.
ఆ కోత పెట్టకపోతే చక్రం సరిగ్గా వినదు.
ఎందుకని నన్నడక్కండి.
ముప్ఫై ఏళ్ళు ఫెర్రీ ఇంజన్లు విప్పి బిగించిన చేతులివి,
పనిచేసిందాన్ని నమ్ముతాయి.

చచ్చిపోయిన వాల్వు రేడియోలోంచి కెపాసిటర్.
అటక మీద చక్రం.
చెక్కకి చిల్లు పెట్టి, బల్ల దాకా దింపిన చీపురు కర్ర.

కొత్తవాళ్ళు వినాలనుకున్న వైపుకి తిప్పుతారు దీన్ని.
పిచ్చివాళ్ళు.
ఇది అన్ని వైపులా ఇంచుమించు ఒకేలా వింటుంది,
తన ముఖం ఎదుట, వీపు వెనక తప్ప.
ఆ రెండు దిక్కులా బ్రహ్మచెవుడు.
ఆ చెవుడు కోసమే దీన్ని కట్టుకునేది.
ఏది వినకూడదో
ముందు అది తెలియాలి మనిషికి.

నేను వినకూడనిది ఎదువీనా కంచె.
ఇరవై మూడు గొర్రెలు, ఒక పొట్టేలు, ఒక బ్యాటరీ.
సెకనుకోసారి టక్.
తడి గడ్డి తీగకి తగిలిన రోజున
టక్కుకి తోడు మూకుడులో ఆవాల చిటపట.
కర్రని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే
ఒకచోట అంతా నీళ్ళలో మునిగినట్టు మునిగిపోతుంది.
వెంట్రుకవాసి జరిగితే మళ్ళీ తేలుతుంది.
అక్కడ గోరుతో గీత పెట్టుకున్నాను.
ఆ గీతకి పదకొండేళ్ళు.

జూన్ చలి. ఎనిమిదవుతున్నా తెల్లవారలేదు.
కుషిరోలో రాత్రి తొమ్మిది.
అక్కడి త్సునేహికో మోర్స్ నేను నిద్రలో కూడా గుర్తుపడతాను,
డాష్‌ని సాగదీస్తాడు, చెప్పులు ఈడ్చి నడిచేవాడిలా.
పిలిచాడు, బదులిచ్చాను.
నా సంకేతంలో సగమే అందిందాయనకి.
మిగతా సగం పంపబోతూ చూశాను,
కర్ర గీత మీద లేదు.
ఎప్పుడు తగిలిందో, జానెడు పక్కకి తిరిగి ఉంది.

అయినా టక్ లేదు.

చుట్టూ తిప్పాను.
కుషిరో మునిగాడు, తేలాడు,
తూర్పున సాల్మన్ కంపెనీ దీపాల రొద వచ్చిపోయింది.
టక్ లేదు.
హెడ్‌ఫోన్స్‌లో త్సునేహికో ప్రశ్న గుర్తు,
కాస్త ఆగి మళ్ళీ ప్రశ్న గుర్తు.
హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి బూట్లు తొడుక్కున్నాను.

బురదలో మోకాళ్ళ మీద ఉంది ఎదువీనా,
నోట్లో టార్చి, చేతిలో పట్టుకారు.
పొట్టేలు కొమ్ములు తీగల్లో చిక్కుపడి ఉన్నాయి,
అది దాన్ని కాదు, మమ్మల్నే తిట్టుకుంటోంది.
ఎందుకొచ్చావని అడగలేదు.
టార్చి తీసి "ఆ కొమ్ము పట్టుకో" అంది.

విడిపించాక అడిగింది, నీకెలా తెలిసిందని.
ఏం చెప్పను?
పదకొండేళ్ళుగా నా చెవుడంతా గురిచూసి
నీ ఇంటి వైపే పెట్టుకు కూర్చున్నానని చెప్పనా?
"నిద్ర పట్టలేదు" అన్నాను.

తీగ ముడేసి బ్యాటరీ తగిలించింది.
గడ్డిపరకతో తాకి చూడమంది.
మోచేతి దాకా కొట్టింది.
ఇన్నేళ్ళలో దాన్ని ఒంటితో వినడం అదే మొదలు.
ఆమె పగలబడి నవ్వింది.

తిరిగొచ్చేసరికి సముద్రం బూడిద రంగు తేలింది,
బ్యాండు మీద పొద్దెక్కింది, ఎవరూ లేరు.
పుస్తకంలో రాశాను: కుషిరో, సగం.
టక్.
కర్రని గీత దాకా తెచ్చి
వెంట్రుకవాసి ఇవతలే వదిలేశాను.

రేపు త్సునేహికోతో కాస్త కష్టమే.